అటకెక్కిన స్పీకర్లను దించి మళ్లీ పాడించడం ఎలా

1980లలో మన దగ్గర మంచి స్పీకర్లు కావాలనుకున్నవాళ్లలో చాలామంది వాటిని కొనుక్కోలేదు, చేయించుకున్నారు. విదేశీ సెట్ల మీద దిగుమతి సుంకం మామూలు జీతగాడికి అందేది కాదు. అందుకే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ నుంచో, మద్రాసు రిచీ స్ట్రీట్ నుంచో ఎనిమిదంగుళాల వూఫర్లు (లోతైన ధ్వనులు, అంటే బేస్ పలికేవి), ట్వీటర్లు (సన్నని ధ్వనులు, అంటే ట్రెబుల్ పలికేవి) జతలుగా తెచ్చుకుని, తెలిసిన వడ్రంగి చేత ప్లైవుడ్ పెట్టెలు చేయించి, పైన సన్‌మైకా అంటించి, ముందు నల్ల గుడ్డ బిగించేవారు. అలాంటి జతలు ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో అటకల మీద ఉన్నాయి. తీసి మోగిస్తే గరగరమంటాయి, లేదా ఒకటి మోగితే ఇంకొకటి మూగబోయి ఉంటుంది. పాత సామాన్లవాడికి తూకానికి వేసే ముందు ఒక్కసారి విప్పి చూడండి.

స్పీకరులో అయస్కాంతం, ఇనుప చట్రం, కాగితం కోను (ముందుకూ వెనక్కీ కదిలి ధ్వని పుట్టించే గరాటు లాంటి భాగం), రాగి తీగ సాధారణంగా కాలానికి తట్టుకుంటాయి. పాడయ్యేవి కొన్నే: కోను అంచు చుట్టూ ఉండే ఫోమ్ రింగు, సంకేతాన్ని వూఫరుకూ ట్వీటరుకూ విడదీసి పంపే క్రాసోవర్‌లోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, తుప్పు పట్టే టెర్మినళ్లు, గాలి కారే అతుకులు. ఈ నాలుగూ సరిచేస్తే చాలా జతలు కొత్తప్పటి స్థితికి వస్తాయి. ఆ తర్వాతే మెరుగుపరచడం గురించి ఆలోచించాలి. చాలామంది ఈ వరుసను తిరగేస్తారు. ముందే ఖరీదైన ట్వీటరు కొని బిగించి, గాలి కారుతున్న పెట్టెలోంచి బేస్ రావడం లేదని వాపోతారు.

ఇంకొక నియమం. ఫోమ్ లాంటి మరమ్మతులు రెండు పెట్టెలకూ తప్పవు, చేయండి. కానీ మెరుగుదల కోసం చేసే ఏ మార్పయినా ముందు ఒక్క పెట్టెకే చేయండి, రెండోదాన్ని ముట్టుకోకండి. చెవి జ్ఞాపకం చాలా పొట్టిది. నిన్న విన్నదానితో ఇవాళ్టిదాన్ని పోల్చమంటే, డబ్బు ఖర్చు పెట్టిన ప్రతి మార్పూ మనకు బాగున్నట్టే వినిపిస్తుంది. పక్కన మారని పెట్టె ఉంటే ఆ భ్రమ నిలవదు.

కింద చెప్పేవన్నీ 25 నుంచి 35 లీటర్ల పెట్టె, ఎనిమిదంగుళాల వూఫరు, ఒక ట్వీటరు ఉన్న మామూలు టూ-వే జతను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మధ్యలో, మధ్యస్థాయి ధ్వనులు పలికే మిడ్‌రేంజ్ కూడా ఉంటే పని కొంచెం పెరుగుతుంది, పద్ధతి మారదు.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి: కెపాసిటర్ విలువ కూడా చూపించే మల్టీమీటరు, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సీసం, ఒక 1.5 వోల్టుల సెల్లు, ఫెవికాల్, మాస్కింగ్ టేపు, మార్కర్ పెన్ను, టోన్ జనరేటర్ యాప్ ఉన్న ఫోను, ఒక కట్ట అగరుబత్తీలు. అగరుబత్తీలు ఎందుకో తర్వాత చెబుతాను.

1. బాగుచేయదగినవేనా?

పెట్టెను వేళ్లతో అన్ని వైపులా తట్టండి. ప్లైవుడ్ అయితే గట్టిగా పలుకుతుంది. డొల్లగా, పొడిపొడిగా వినిపిస్తే చెద తినేసి ఉండవచ్చు. పార్టికల్ బోర్డు నీళ్లు తగిలి బిస్కెట్టులా ఉబ్బి ఉంటే దాన్ని బాగుచేయలేం. అదే లోపలి కొలతలతో కొత్త పెట్టె చేయించడమే దారి. అది కూడా పెద్ద ఖర్చు కాదు కాబట్టి, లోపలి స్పీకర్లు బాగుంటే వెనుకాడకండి.

ఎత్తునుంచి కింద పడిన పెట్టె అయితే వూఫరు అయస్కాంతం పక్కకు జరిగి ఉండవచ్చు. కోనును రెండు చేతుల వేళ్లతో అంచు దగ్గర సమానంగా, చాలా మెల్లగా నొక్కండి. కొంచెం కూడా కదలకుండా బిగుసుకుపోయి ఉంటే అది అయస్కాంతం జరిగిన వూఫరే కావచ్చు. ఇంట్లో సరిచేయగల పని కాదది.

2. విప్పడం

పెట్టెను వెనక్కి వాల్చి, ముందు భాగం పైకి ఉండేలా పడుకోబెట్టండి. నిలబెట్టి విప్పితే చివరి స్క్రూ రాగానే వూఫరు జారి పడుతుంది. ముందు ఫోటోలు తీయండి. వూఫరులో ఏ వైపు పైకి ఉందో మార్కర్‌తో చట్రం మీద గుర్తు పెట్టండి. ఇక్కడే అందరికీ జరిగే ప్రమాదం ఒకటుంది. స్క్రూడ్రైవర్ కోను దగ్గరికి రాగానే అయస్కాంతం దాన్ని లాక్కుంటుంది, మొన కాగితంలోంచి దూసుకుపోతుంది. ఒక చేత్తో స్క్రూడ్రైవర్ మొన దగ్గర పట్టుకుని, రెండో అరచేతిని కోనుకు అడ్డంగా పెట్టి తిప్పండి. పళ్లెమంత అట్టముక్కను కోను మీద కప్పినా సరిపోతుంది.

పాత రబ్బరు పట్టీ అతుక్కుపోయి వూఫరు రాకపోతే ఒకేచోట పెకలించకండి. చుట్టూ నాలుగైదు చోట్ల కొద్దికొద్దిగా లేపండి. బయటికి తీశాక తీగలు తెంపే ముందు ఏ తీగ ఏ ట్యాగుకు (తీగ అతికే లోహపు నాలుకకు) వెళ్తోందో కాగితం మీద గీసుకోండి. ఎర్ర చుక్క ఉన్న ట్యాగు ప్లస్. చుక్క చెరిగిపోయి ఉంటే సెల్లుతో తెలుసుకోవచ్చు: 1.5 వోల్టుల సెల్లు ప్లస్‌ను ఒక ట్యాగుకు, మైనస్‌ను రెండోదానికి ఒక్క క్షణం తాకించండి. కోను ముందుకు వస్తే సెల్లు ప్లస్ తాకిన ట్యాగే ప్లస్. ఈ పరీక్ష వూఫరుకే. ట్వీటరు వాయిస్ కాయిల్ (అయస్కాంతపు సందులో కదిలే రాగి తీగ చుట్ట) చాలా సన్ననిది, దానితో ఈ ప్రయోగం వద్దు.

లోపల ఏమేం కనిపిస్తాయో చెప్పలేం. వెనుక గొట్టం, అంటే పోర్టు ఉన్న పెట్టెల్లో బొద్దింకలు, బల్లి గుడ్లు మామూలే. కొన్నిట్లో ఎలుకలు దూదితో గూడు కట్టుకుంటాయి. పసుపు రంగు గ్లాస్ వూల్ (గాజు నూగు) కనిపిస్తే చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు లేకుండా ముట్టుకోకండి. ఆ నూగు చర్మంలో దిగితే ఒళ్లంతా దురదే.

3. స్పీకర్లను పరీక్షించడం

మల్టీమీటరును ఓముల్లో పెట్టి వూఫరు రెండు ట్యాగుల మధ్య కొలవండి. ఎనిమిది ఓముల స్పీకరు డీసీ నిరోధం సాధారణంగా 5.5 నుంచి 7 వరకు చూపిస్తుంది, నాలుగు ఓములది 3 నుంచి 3.8 వరకు. ఎనిమిది కనిపించలేదని కంగారు పడకండి. ఆ ఎనిమిది ఏసీ సంకేతానికి లెక్కకట్టే సంఖ్య. మీటరు ఏమీ చూపించకపోతే కాయిల్ తెగినట్టే. అయితే ముందు కోను వెనుక నుంచి ట్యాగుకు వెళ్లే జడలాంటి తీగను చూడండి, చాలాసార్లు తెగేది అక్కడే. దాన్ని సోల్డరింగ్‌తో అతికించవచ్చు.

ట్వీటరు విషయంలో ఒక మినహాయింపు ఉంది. ఆ రోజుల్లో చాలా పెట్టెల్లో పీజో ట్వీటర్లు (స్ఫటికపు పలకతో పలికేవి) బిగించారు. వాటిలో వాయిస్ కాయిల్ ఉండదు కాబట్టి మీటరు ఎప్పుడూ ఖాళీయే చూపిస్తుంది. బాగున్న పీజోను చచ్చిందనుకుని పారేయకండి. మరీ మెరుగైన ధ్వని కావాలంటే ఎలాగూ దాన్ని మార్చాల్సి రావచ్చు, అది వేరే సంగతి.

తర్వాత రాపిడి పరీక్ష. వూఫరును చెవి దగ్గర పెట్టుకుని కోనును మెల్లగా లోపలికి నొక్కి వదలండి. ఇసుక రాసినట్టు చప్పుడు వస్తే వాయిస్ కాయిల్ ఎక్కడో తగులుతోందన్నమాట. ఏళ్ల తరబడి ఒకే భంగిమలో నిలబడిన వూఫర్లలో స్పైడరు (కోను మెడను పట్టి ఉంచే ముడతల గుడ్డ) బరువుకు కొంచెం కిందికి జారుతుంది. అలాంటప్పుడు వూఫరును 180 డిగ్రీలు తిప్పి బిగిస్తే, కొన్ని నెలల్లో అదే సర్దుకుంటుంది. ఇందాక పెట్టుకున్న గుర్తు పనికొచ్చేది ఇక్కడే. సముద్రతీర ఊళ్లలో ఉన్నవైతే అయస్కాంతపు సందులో తుప్పు కూడా పట్టవచ్చు. అప్పుడు చప్పుడు గరుకుగా, తిప్పినా తగ్గకుండా ఉంటుంది. అలాంటి వూఫరును రీకోనింగ్ (కోను, కాయిల్ మార్చి కొత్తగా కట్టడం) తెలిసినవాళ్లకే ఇవ్వాలి.

4. ఫోమ్ రింగు మార్చడం

ముందు మీ వూఫరుకు ఫోమ్ ఉందో లేదో చూసుకోండి. అంచు కాగితం మడతలతోనో, గుడ్డతోనో చేసినదైతే దాన్ని కదపకండి, అది ఇంకా ఎన్నో ఏళ్లు ఉంటుంది. పాలియురేథేన్ ఫోమ్ అయితే గాలిలోని తేమ దాని అణుబంధాలను మెల్లగా తెంపుతుంది. మోగించినా, మోగించకపోయినా 15, 20 ఏళ్లకు వేలు తగిలితే పొడిగా రాలుతుంది లేదా జిగురుగా అంటుకుంటుంది.

కొత్త రింగు తెప్పించే ముందు నాలుగు కొలతలు తీసుకోండి: చట్రం మీద రింగు బయటి అంచు వ్యాసం, ఉబ్బెత్తు బయటి వ్యాసం, ఉబ్బెత్తు లోపలి వ్యాసం, కోను వ్యాసం. "ఎనిమిదంగుళాలది ఇవ్వండి" అని అడిగితే సరిపోదు. ఒకే పేరున్న సైజులో రకరకాల రింగులు ఉంటాయి. ఫోమా రబ్బరా అన్న ప్రశ్న వస్తుంది. రబ్బరు ఎక్కువ కాలం మన్నుతుంది, కాకినాడలోనో నెల్లూరులోనో ఉంటే ఆశ పుడుతుంది కూడా. కానీ మందపాటి రబ్బరు కోను బరువును, బిగువును మార్చి వూఫరు స్వభావాన్నే మారుస్తుంది. మెత్తని పల్చని రబ్బరు దొరికితే సరే, లేకపోతే ఫోమే వేయండి.

పాత ఫోమును చట్రం మీంచి మొద్దు బ్లేడుతో గీకి తీయండి. కోను అంచుకు అంటుకున్నదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో మెల్లగా తుడవండి. కాగితం నానేంతగా తడపకండి. ఈ పని విసుగు పుట్టిస్తుంది, అయినా తొందరపడకూడదు. మిగిలిన పాత జిగురు ముక్క ఒక్కటి చాలు, రింగు వంకరగా కూర్చోవడానికి.

ముందు కోను వైపు అతికించండి. పాత రింగు కోనుకు ముందు నుంచి అంటుకుని ఉందా, వెనుక నుంచా అన్నది చూసుకుని అలాగే చేయాలి. కాగితం కోనుకు ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు చాలు. అది ఆరేలోపు రింగును అటూఇటూ సర్దుకునే వీలుంటుంది. ఘాటైన ద్రావణాలున్న జిగురు కొన్ని ఫోములను కరిగిస్తుంది, ముందు చిన్న ముక్క మీద వేసి చూడండి. పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ కోనులకు మాత్రం తెల్ల జిగురు పట్టదు, వాటికోసం అమ్మే జిగురే వాడాలి. రాత్రంతా ఆరనివ్వండి.

చట్రం వైపు అతికించేటప్పుడు అసలు పని మొదలవుతుంది. వాయిస్ కాయిల్ ఆ సన్నని సందులో సరిగ్గా మధ్యలో ఉండాలి. ఇందుకు రెండు దారులు. మొదటిది: డస్ట్ క్యాప్‌ను, అంటే కోను మధ్య టోపీని, బ్లేడుతో చుట్టూ కోసి లేపి, పాత ఎక్స్‌రే ఫిల్మును సన్నని పట్టీలుగా కత్తిరించి, కాయిల్‌కూ మధ్య స్తంభానికీ మధ్య నాలుగు వైపులా దింపండి. పట్టీలు వదులుగా ఉండకూడదు, బలవంతంగానూ దిగకూడదు. అవి ఉండగానే రింగును చట్రానికి అతికించి, ఆరాక పట్టీలు తీసి టోపీని మళ్లీ అంటించండి. రెండోది: టోపీని ముట్టుకోకుండా, జిగురు తడిగా ఉండగానే యాంప్లిఫయర్ ద్వారా 30 హెర్ట్జ్ టోన్‌ను చాలా తక్కువ వాల్యూమ్‌లో పంపండి. కోను ముందుకూ వెనక్కీ కదులుతుంటే ఎక్కడ గరగర వస్తోందో విని, రింగును ఆ వైపు నుంచి కొద్దిగా జరుపుతూ నిశ్శబ్దం వచ్చేదాకా సర్దండి. మొదటిసారి చేసేవాళ్లకు పట్టీల పద్ధతే నమ్మకమైనది.

బయట చేయిస్తానంటారా? రీకోనింగ్ చేసేవాళ్ల చేతిలో గొప్ప నైపుణ్యం ఉంటుంది. కానీ వాళ్ల ముందుకు రోజూ వచ్చేవి పెళ్లి పందిళ్లలో, ఊరేగింపుల్లో పగిలిన వూఫర్లు. మీ ఇంటి వూఫరుకు కూడా అదే గట్టి కోను వేసి ఇచ్చే ప్రమాదం ఉంది. "కోను మార్చవద్దు, రింగు మాత్రమే" అని గట్టిగా చెప్పండి. కోనులో చిన్న చిరుగు ఉంటే ఇంట్లోనే సరిచేయవచ్చు: టిష్యూ కాగితం ముక్కను, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో వెనుక నుంచి అతికిస్తే చాలు. కోను మెరవాలని పాలిష్‌లు, పెయింట్లు పూయకండి.

5. క్రాసోవర్

చాలా సొంత తయారీ పెట్టెల్లో క్రాసోవర్ అంటే ట్వీటరుకు వరుసలో ఉన్న ఒకే ఒక్క కెపాసిటరు. ఎక్కువ శ్రద్ధ ఉన్నవాళ్లు వూఫరుకు ఒక కాయిల్ కూడా పెట్టారు. మీ దగ్గర ఉన్నదేదో ముందు కాగితం మీద గీయండి, విలువలు రాసుకోండి. లెక్క తెలిస్తే, అసలు తయారుచేసినాయన ఏం ఉద్దేశించాడో కూడా తెలుస్తుంది. ఎనిమిది ఓముల స్పీకర్లను 3,000 హెర్ట్జ్ దగ్గర విడదీయాలంటే, ఒక్కొక్క భాగంతో చేసే సాదా పద్ధతిలో ట్వీటరుకు దాదాపు 6.6 మైక్రోఫారడ్ల కెపాసిటరు, వూఫరుకు 0.42 మిల్లీహెన్రీల కాయిల్ కావాలి. రెండేసి భాగాల పద్ధతిలో 4.7 మైక్రోఫారడ్లు, 0.6 మిల్లీహెన్రీలు. ఈ రెండో పద్ధతిలో ట్వీటరు తీగలను తిరగేసి కలపడం మామూలు. కాబట్టి ట్వీటరుకు ప్లస్ మైనస్ తారుమారైనట్టు కనిపిస్తే "తప్పు దిద్దే" పని పెట్టుకోకండి. మీ పెట్టెలో 2.2 మైక్రోఫారడ్లు ఒక్కటే ఉంటే, ట్వీటరు 9,000 హెర్ట్జ్ పైన మాత్రమే పూర్తిగా పలుకుతోందన్నమాట. పీజో కాని ట్వీటరుకు అది చాలా తక్కువ పని.

20 ఏళ్లు దాటిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లను కొలిచి చూసి, బాగానే ఉన్నాయని వదిలేయకండి. విలువ సరిగ్గానే చూపించినా, లోపలి ద్రావకం ఎండిపోయి వాటి అంతర్గత నిరోధం పెరుగుతుంది. అది మామూలు మీటరుకు అందదు. కొన్ని పాత సెట్లలో నాన్-పోలార్ (ప్లస్ మైనస్ తేడా లేని) రకం దొరకక, రెండు మామూలు పోలార్ కెపాసిటర్లను వీపులు కలిపినట్టు ఎదురెదురుగా అతికించేవారు. 10 మైక్రోఫారడ్లవి రెండు అలా కలిపితే 5 అవుతుంది. విలువ రాసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ట్వీటరు వరుసలో ఉండే కెపాసిటరుకు పాలీప్రొపిలీన్ ఫిల్ము రకం వేయండి. డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే. ఆడియో పేరుతో అమ్మేవి బాగా ఖరీదు. వాటికి బదులు సీలింగ్ ఫ్యాను కెపాసిటరు చూడండి. 2.5, 3.15, 4 మైక్రోఫారడ్లలో, 440 వోల్టుల ఏసీ అని ముద్రించి, ఏ కరెంటు సామాన్ల కొట్టులోనైనా దొరికే అది కూడా లోహపు పూత వేసిన పాలీప్రొపిలీన్ ఫిల్మే. 2.5వి రెండు సమాంతరంగా కలిపితే 5 మైక్రోఫారడ్లు వచ్చేస్తుంది. చూసినవాళ్లు నవ్వవచ్చు, ట్వీటరుకు మాత్రం తేడా తెలియదు. కొత్తవే కొనండి. పాత ఫ్యాను నుంచి తీసినవి వద్దు. ఫ్యాను నెమ్మదించడానికి ఒక ముఖ్య కారణమే ఆ కెపాసిటరు విలువ పడిపోవడం.

కొత్తది వేశాక ట్వీటరు కొంచెం ఎక్కువ మెరిసినట్టు అనిపించవచ్చు. పాతదాని అంతర్గత నిరోధం ఇన్నాళ్లూ ధ్వనిని కొంత తగ్గిస్తూ వచ్చింది కదా. 0.5 నుంచి 1 ఓము వరకు, 5 వాట్ల తీగచుట్టు రెసిస్టరును వరుసలో పెడితే సమతూకం తిరిగి వస్తుంది. వూఫరుకు సమాంతరంగా 33 లేదా 47 మైక్రోఫారడ్ల పెద్ద కెపాసిటర్లు ఉంటే వాటికి ఫిల్ము అక్కర్లేదు, 100 వోల్టుల కొత్త నాన్-పోలార్ ఎలక్ట్రోలైటిక్ చాలు.

కాయిళ్లను మార్చాల్సిన అవసరం అరుదు. రెండు కాయిళ్లు పక్కపక్కనే ఒకే దిశలో ఉంటే మాత్రం ఒకదాన్ని 90 డిగ్రీలు తిప్పి, దూరంగా బిగించండి. ఒకదాని అయస్కాంత క్షేత్రం ఇంకొకదాన్ని కలవరపెట్టకుండా ఉంటుంది. వెనుక ట్రెబుల్ తగ్గించే నాబ్ ఉంటే దానిలోపలి పట్టీ ఈపాటికి తుప్పు పట్టి ఉంటుంది. తీసేసి స్థిరమైన రెసిస్టర్లు వేయడమే నయం. ట్వీటరును 3 డెసిబెల్స్ తగ్గించాలంటే ఎనిమిది ఓముల ట్వీటరుకు వరుసలో 2.2 ఓములు, ట్వీటరుకు సమాంతరంగా 18 ఓములు సరిపోతాయి.

సోల్డరింగ్ చేసేటప్పుడు కిటికీ తెరిచి ఉంచండి. లోపలి తీగలు జుట్టంత సన్నగా ఉంటే ఇంటి వైరింగుకు వాడే 1 చదరపు మిల్లీమీటరు మల్టీస్ట్రాండ్ రాగి తీగ వేయండి. అంతకు మించి ఖరీదైన తీగల గురించి ఎవరైనా చెబితే మర్యాదగా వినండి, కొనకండి. వెనుక స్ప్రింగు టెర్మినళ్ల స్థానంలో స్క్రూ తిరిగే బైండింగ్ పోస్టులు బిగించండి.

మొత్తం బిగించాక, యాంప్లిఫయర్‌కు కలిపే ముందు వెనుక టెర్మినళ్ల మధ్య ఓముల్లో కొలవండి. ఎనిమిది ఓముల పెట్టెకు 5.5 నుంచి 7 దాకా రావాలి. 3 కంటే తక్కువ వస్తే ఎక్కడో షార్టు ఉంది, యాంప్లిఫయర్ దగ్గరికి తీసుకెళ్లకండి.

6. పెట్టె

ఇప్పుడు అగరుబత్తీలు. వూఫరు బిగించి, 40 హెర్ట్జ్ టోన్ పెట్టి, ఫ్యాను ఆపేసి, వెలిగించిన అగరుబత్తిని పెట్టె అతుకుల వెంట, టెర్మినళ్ల చుట్టూ, వూఫరు చట్రం చుట్టూ నెమ్మదిగా తిప్పండి. పొగ నిటారుగా పోతున్నంతసేపూ భయం లేదు. ఎక్కడ వణికితే అక్కడ గాలి కారుతోంది. కోనుకు, గుడ్డకు నిప్పు తగలనివ్వకండి. అతుకుల్లో సందులకు రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి వడ్రంగులు చేసే ముద్ద లోపలి నుంచి కూరండి. వూఫరు చుట్టూ తలుపులకు అంటించే మెత్తని ఫోము టేపు వేయండి. స్క్రూ రంధ్రాలు వదులైతే ఫెవికాల్‌లో ముంచిన అగ్గిపుల్లలు దూర్చి, ఆరాక స్క్రూ బిగించండి.

పోర్టు లేని మూత పెట్టెలో గాలి బిగువుగా ఉందో లేదో చూడటానికి ఇంకో దారి ఉంది: కోనును మెల్లగా నొక్కి వదిలితే అది నెమ్మదిగా వెనక్కి రావాలి. టక్కున వస్తే ఎక్కడో రంధ్రం ఉంది.

ప్లైవుడ్ పల్చగా, 12 మిల్లీమీటర్లే ఉంటే, రెండు పక్క పలకల మధ్య రెండంగుళాల చెక్క పట్టీ ఒకటి అడ్డంగా అతికించండి. సరిగ్గా మధ్యలో కాకుండా కొంచెం పక్కకు పెడితే పలకల కంపనం మెరుగ్గా తగ్గుతుంది. ఇంత చౌకగా ఇంత తేడా తెచ్చేది ఇంకొకటి లేదు.

లోపలి పాత దూది, ముఖ్యంగా ఉండలు కట్టి కిందికి జారిన బూరుగు దూది తీసి పారేయండి. దిండ్లలో నింపే పాలిస్టర్ ఫైబర్ మేలు. మూత పెట్టె అయితే 30 లీటర్లకు దాదాపు 300 గ్రాములతో మొదలుపెట్టి, విని సర్దుకోండి. పోర్టు ఉన్న పెట్టెలో గోడలకు మాత్రమే పరచండి, పోర్టు నోటికి అడ్డం రాకూడదు. పోర్టు బయటి వైపు దోమల జాలీ బిగిస్తే బల్లుల బెడద ఉండదు. పోర్టు గొట్టం పొడవు మాత్రం మార్చకండి. ఉదాహరణకు 30 లీటర్ల పెట్టెకు 6.8 సెంటీమీటర్ల వ్యాసం, 12 సెంటీమీటర్ల పొడవున్న గొట్టం 46 హెర్ట్జ్ దగ్గర ట్యూన్ అవుతుంది. అందంగా లేదని పొట్టిగా కోస్తే ఆ సంఖ్య పైకి పోతుంది, బేస్ డుబడుబలాడుతుంది.

7. ఇక మెరుగుపరచడం

ట్వీటరు మార్చాలనుకుంటే మూడు సంగతులు చూడండి. దాని రెజొనెన్స్ (అది సహజంగా ఎక్కువగా కంపించే ఫ్రీక్వెన్సీ), మీరు విడదీసే ఫ్రీక్వెన్సీలో సగం కంటే ఎక్కువ ఉండకూడదు: 3,000 దగ్గర విడదీస్తే 1,500 లేదా అంతకు తక్కువ. సెన్సిటివిటీ (అంతే పవర్‌కు ఎంత గట్టిగా పలుకుతుందన్నది) వూఫరు కంటే కొంచెం ఎక్కువున్నా ఫరవాలేదు, పైన చెప్పిన రెసిస్టర్లతో తగ్గించవచ్చు. తక్కువైతే పెంచే మార్గం లేదు. మూడోది, రంధ్రం సైజు. పాత గుమ్మటపు ట్వీటర్లలో కొన్నిటి సందులో ఫెర్రోఫ్లూయిడ్ అనే అయస్కాంత ద్రవం ఉంటుంది. అది ఎండి గట్టిపడితే ధ్వని మసకబారుతుంది. ఆ ద్రవం మన మార్కెట్లో తేలిగ్గా దొరకదు కాబట్టి అక్కడ కొత్త ట్వీటరే సులువు.

వూఫరు మార్చడం చివరి మాట. పెట్టె, వూఫరు విడివిడి వస్తువులు కావు. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, తర్వాత రిచర్డ్ స్మాల్ 1970ల మొదట్లో వూఫరు కొలతలనుంచి పెట్టె పరిమాణాన్ని లెక్కకట్టే పద్ధతిని ఇచ్చారు. ఈరోజు మంచి వూఫర్లతో వచ్చే కాగితం మీద కనిపించే ఎఫ్ఎస్ (వూఫరు రెజొనెన్స్), క్యూటీఎస్ (ఆ కంపనం ఎంత త్వరగా అణుగుతుందో చెప్పేది), వీఏఎస్ (వూఫరు బిగువుకు సమానమైన గాలి పరిమాణం) అనే అంకెలు అవే. ఒక ఉదాహరణ: ఎఫ్ఎస్ 32 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.4, వీఏఎస్ 50 లీటర్లు ఉన్న వూఫరును 25 లీటర్ల మూత పెట్టెలో పెడితే, 50ని 25తో భాగించి 1 కలిపి వర్గమూలం తీయండి: 1.73. దానితో క్యూటీఎస్‌ను గుణిస్తే దాదాపు 0.7, ఎఫ్ఎస్‌ను గుణిస్తే 55 హెర్ట్జ్, అంటే పెట్టెలో దాని రెజొనెన్స్. 0.7 దగ్గర వచ్చిందంటే ఆ వూఫరు ఆ పెట్టెకు సరిజోడు. 1 దాటితే బేస్ బుసబుసమంటుంది. ఈ అంకెలు చెప్పకుండా వాట్లు మాత్రమే చెప్పే వూఫరును కొనకండి. కారుకోసం చేసినవి తరచూ నాలుగు ఓములు, అది కూడా చూసుకోండి.

మీ పాత వూఫరు పెట్టెలో ఎక్కడ పలుకుతోందో ఇంట్లోనే కొలవవచ్చు. యాంప్లిఫయర్ ప్లస్ తీగలో 100 ఓముల, 5 వాట్ల రెసిస్టరును వరుసలో పెట్టి, ఫోను నుంచి టోన్ పంపుతూ 20 నుంచి 150 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా పెంచండి. మల్టీమీటరును ఏసీ 2 వోల్టుల రేంజిలో పెట్టె వెనుక టెర్మినళ్ల మధ్య పెట్టి చదవండి. అతి చౌక మీటర్లలో ఏసీకి 200 వోల్టులే కనిష్ఠ రేంజి, అవి పనికిరావు. మూత పెట్టెలో వోల్టేజీ ఒక్కచోట శిఖరానికి చేరుతుంది, అదే పెట్టె రెజొనెన్స్. పోర్టు పెట్టెలో రెండు శిఖరాలు, మధ్య ఒక లోయ వస్తాయి. ఆ లోయ పోర్టు ట్యూనింగ్. రెండు పెట్టెలకూ కొలిచి పక్కపక్కన రాస్తే, గాలి కారేది ఏదో కూడా బయటపడుతుంది.

8. పోల్చడం, అమర్చడం

మార్చిన పెట్టెను, మార్చని పెట్టెను పక్కపక్కనే ఆనించి పెట్టి, బ్యాలెన్స్ నాబ్ అటూఇటూ తిప్పుతూ వినండి. ఇందుకు పాత మోనో రికార్డింగుల కన్నా మంచివి లేవు. రెండు వైపులా ఒకే సంకేతం వస్తుంది. ఘంటసాల పద్యం ఒకటి పెట్టండి. గొంతు ఛాతీలోంచి వస్తోందా, ముక్కులోంచి వస్తోందా అన్నది మన చెవి ఇట్టే పసిగడుతుంది. తర్వాత మృదంగం, ఆ తర్వాత సన్నాయి. మార్చిన పెట్టె మూడింటిలోనూ మెరుగ్గా లేకపోతే ఆ మార్పును రెండోదానికి చేయకండి. మెరుగ్గా ఉంటే రెండోదానికీ అవే విలువలతో చేసి, వేసిన కెపాసిటర్ల, రెసిస్టర్ల విలువలు, తేదీ ఒక కాగితం మీద రాసి వెనుక పలకకు లోపలి వైపు అంటించండి.

రెండూ అయ్యాక స్టీరియోలో కలిపి మళ్లీ అదే మోనో రికార్డింగు వినండి. గొంతు రెండింటి మధ్య గాలిలో నిలబడాలి. గొంతు చెదిరిపోయి బేస్ మాయమైతే ఒక పెట్టెకు తీగలు తిరగబడ్డాయి.

ముందు గుడ్డ మార్చాలంటే నోటికి ఆనించి ఊది చూడండి. ఊపిరి ధారాళంగా పోతే అది పనికొస్తుంది, ఆగితే ట్రెబుల్ కూడా అక్కడే ఆగుతుంది. పెట్టెలను నేల మీద పెట్టకండి. ట్వీటరు కూర్చున్నప్పటి చెవి ఎత్తుకు వచ్చేలా బల్లో స్టాండో చూడండి. గోడకు అడుగున్నర దూరం వదలండి, మూలలకు నెట్టకండి. మూలలో బేస్ పొంగి గొంతును కప్పేస్తుంది. ఈమధ్య ఇళ్లలో గోడలన్నీ కాంక్రీటు, నేలంతా టైల్స్ కాబట్టి ప్రతిధ్వని ఎక్కువ. స్పీకర్లకూ మీకూ మధ్య నేల మీద ఒక మందపాటి జంపఖానా పరిచి, తర్వాత దాన్ని తీసేసి, రెండు విధాలా వినండి. ఏది నచ్చితే అది ఉంచుకోండి.